హైదరాబాద్ ఇంట్లో హరేలా బుట్ట: విత్తిన రోజు నుంచి తల మీద పెట్టే రోజు దాకా

ఉత్తరాఖండ్ కొండల్లో బుట్టలో మొలకలు పెంచి చేసుకునే పండుగ హరేలా. ఆ మాటకు పచ్చదనం అని అర్థం. అయినా పదో రోజు పొద్దున దేవుడి గదిలోంచి బయటికి తెచ్చే మొలకలు నిమ్మపండు రంగులో ఉంటాయి. అలా ఉంటేనే హరేలా బాగా వచ్చినట్టు. ఇక్కడ మొదటిసారి చేసేవాళ్లు చాలామంది బుట్టను బాల్కనీలో ఎండ తగిలేచోట పెట్టి, రోజూ చెంబుడు నీళ్లు పోసి ఆకుపచ్చటి గడ్డి పెంచుతారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ కొండల్లో పెద్దలు పిల్లల తల మీద పెట్టేది ఆ గడ్డి కాదు. చీకటి, కొలతగా నీళ్లు, లెక్క తప్పని పది రోజులు. ఈ మూడింటి మీదే పనంతా నడుస్తుంది.

ఇది ముఖ్యంగా ఉత్తరాఖండ్‌లోని కుమావూ ప్రాంతపు పండుగ. అల్మోరా, నైనితాల్, బాగేశ్వర్, పిథోరాగఢ్, చంపావత్ వైపు ప్రతి ఇంట్లోనూ చేస్తారు. అదే రాష్ట్రంలోని మరో ప్రాంతమైన గఢ్వాల్‌లో మొలకలు పెట్టే ఆచారం ఎక్కువగా నవరాత్రుల్లో, యవలతో, అంటే బార్లీ గింజలతో కనిపిస్తుంది. వసంత పంచమి నాడు యవల పిలకలను పేడముద్దతో గుమ్మానికి అతికించడం కూడా అక్కడి అలవాటే. కుమావూలో హరేలా ఏడాదికి మూడుసార్లు వస్తుంది: చైత్రంలో, శ్రావణంలో, ఆశ్వయుజంలో. వీటిలో పెద్దది శ్రావణ హరేలా. ఆ రోజుల్లో భీమ్‌తాల్‌లో జాతర కూడా జరుగుతుంది. మనకూ ఇలాంటి పని తెలియనిది కాదు. పెళ్లిళ్లలో పాలికల్లో నవధాన్యాలు పోసి అంకురార్పణ చేస్తాం. తండాల్లో లంబాడీ ఆడపిల్లలు తీజ్‌కు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు.

తేదీ లెక్క

మొదటి పొరపాటు క్యాలెండర్ దగ్గరే జరుగుతుంది. కొండల్లో నెలలు సూర్యుణ్ణి బట్టి నడుస్తాయి. సంక్రాంతి నాడే నెల మొదలు, ఆ రోజును ఒకటో గతే అంటారు. కాబట్టి అక్కడి శ్రావణం కర్కాటక సంక్రాంతితో, అంటే జూలై 16న గానీ 17న గానీ మొదలవుతుంది. మన శ్రావణం అమావాస్య మర్నాడు మొదలయ్యే చాంద్రమాసం. కొండల్లో హరేలా కోసే రోజుకు మనకు మామూలుగా ఇంకా ఆషాఢమే, ఊళ్లో బోనాల డప్పులు మోగుతూనే ఉంటాయి. తెలుగు క్యాలెండర్‌లో శ్రావణ మాసం ఎప్పుడు మొదలైందో చూసి విత్తితే పండుగ దాటిపోతుంది. చూడాల్సింది కర్కాటక సంక్రమణం లేదా దక్షిణాయన పుణ్యకాలం అని రాసి ఉన్న రోజు. సంక్రమణం రాత్రిపూట పడిన ఏడాది 16వ తేదీయా, 17వ తేదీయా అన్న అనుమానం వస్తుంది. అప్పుడు ఉత్తరాఖండ్ ప్రభుత్వం హరేలా సెలవు ఏ రోజు ఇచ్చిందో చూసుకోవడం తేలిక.

విత్తిన రోజుతో కలిపి పదో రోజు కోత. పండుగ 16న అయితే జూలై 7 పొద్దున విత్తాలి, 17న అయితే 8న. కొన్ని ఇళ్లలో పదకొండో రోజు కోస్తారు, వాళ్లు ఒకరోజు ముందే వేస్తారు. ఒకే పొయ్యి మీద వండుకునే కుటుంబానికి ఒకే బుట్ట. అన్నదమ్ములు వేరుపడితే ఎవరి బుట్ట వాళ్లది.

గింజలు

ఐదు రకాలు లేదా ఏడు రకాలు. ఏవి అన్నది ఊరిని బట్టి, ఆ ఇంటి పొలాన్ని బట్టి మారుతుంది. 20 సెంటీమీటర్ల వెడల్పున్న బుట్టకు ఈ కొలత సరిపోతుంది: గోధుమలు 25 గ్రాములు, యవలు 20, మొక్కజొన్న 10, ఉలవలు 5, మినుములు 5, వడ్లు 5, ఆవాలు అర చెంచా. కొండల్లో ఉలవలను గహత్ అంటారు. మనం ఉలవచారు ఎంత ఇష్టంగా తింటామో వాళ్లు చలికాలంలో గహత్ పప్పును అంతే ఇష్టంగా తింటారు.

ఏడూ బేగంబజార్‌లో ఒక్క తిరుగుడుతో దొరుకుతాయి. అయితే మూడు జాగ్రత్తలు ఉన్నాయి. కిరాణా కొట్లో బార్లీ పేరుతో అమ్మే తెల్లటి గింజ పాలిష్ పట్టినది, దానికి మొలక రాదు. నీళ్లు తగలగానే ఉబ్బి, మూడో రోజుకు పులిసి, చుట్టుపక్కల గింజలకు కూడా బూజు అంటిస్తుంది. పొట్టుతో ఉన్న యవలు కావాలని అడగండి, హోమానికి, పూజకు సామాను అమ్మే కొట్లలో అవి ఉంటాయి. మినుములు నల్లగా, గుండ్రంగా ఉన్నవే తీసుకోవాలి, పప్పు పనికిరాదు. ఇక ఎరువుల దుకాణంలో దొరికే గులాబీరంగు, పచ్చరంగు పూసిన విత్తనాలకు మందు పట్టించి ఉంటుంది. తల మీద పెట్టుకునే ఆకుకు అవి వద్దు.

విత్తే రోజుకు మూడు నాలుగు రోజుల ముందు ఒక్కో రకం పది గింజలు తడిగుడ్డలో మూటకట్టి చూడండి. ఎనిమిది మొలిస్తే మంచి విత్తనం. ఆరుకు దిగితే కొట్టు మార్చండి. నిజానికి హరేలా వెనక ఉన్న రైతు తెలివి కూడా ఇదే. ఇంట్లో దాచిన విత్తనం ఈ ఏడు ఎలా మొలుస్తుందో పండుగ బుట్ట చెప్పేస్తుంది. మొలకలు ఎంత ఒత్తుగా, ఎంత పొడుగ్గా వస్తే పంట అంత బాగుంటుందని కొండల్లో నమ్మకం.

బుట్ట, మట్టి

అక్కడ రింగాల్ అనే సన్నజాతి కొండ వెదురుతో అల్లిన బుట్టలో వేస్తారు. ఇక్కడ మేదరివాళ్లు అల్లిన చిన్న వెదురు బుట్ట సరిగ్గా సరిపోతుంది. వెడల్పు 20 సెంటీమీటర్లు, లోతు 7 లేదా 8 ఉంటే చాలు. అడుగున మోదుగాకుల విస్తరి పరిస్తే మట్టి కారదు, ఎక్కువైన నీళ్లు మాత్రం సందుల్లోంచి జారిపోతాయి. స్టీలు గిన్నె, ప్లాస్టిక్ డబ్బా వాడేవాళ్లూ ఉన్నారు. అడుగున కన్నాలు లేకపోతే మాత్రం మన జూలై తేమలో నాలుగో రోజుకే వాసన వస్తుంది.

మట్టి ఒకటిన్నర లీటరు కావాలి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక. ఎండలో ఒకరోజు ఆరబోసి, పిండి జల్లెడలో కాకుండా బియ్యం జల్లెడలో జల్లించండి. మరీ మెత్తటి మట్టి తడికి అట్టకడుతుంది. నల్లరేగడి వద్దు, నీళ్లు పట్టి ఉంచుతుంది, ఆరితే పగులుతుంది. పేడ ఎరువు, వర్మీకంపోస్టు కూడా వద్దు. పది రోజుల మొలకకు గింజలో ఉన్న తిండే చాలు. ఎరువు కలిపితే దోమలాంటి చిన్న ఈగలు ముసురుతాయి.

విత్తడం

మొక్కజొన్న, వడ్లు ఆలస్యంగా లేస్తాయి కాబట్టి వాటిని మాత్రం ముందురోజు రాత్రి నానబెట్టండి. మిగతావి పొడిగానే వేయొచ్చు. ఆవాలు నానబెడితే జిగురు పట్టి ఉండలు కడతాయి.

పొద్దున స్నానం చేశాక బుట్టలో రెండు సెంటీమీటర్ల మందాన మట్టి పరిచి, దాని మీద మొక్కజొన్న, ఉలవలు, మినుములు, వడ్లు చల్లండి. మళ్లీ ఒక సెంటీమీటరు మట్టి. దాని మీద గోధుమలు, యవలు, ఆవాలు. చివరగా గింజ కనబడకుండా పలుచగా మట్టి. కొండల్లో ఇలా పొరలు పొరలుగానే వేస్తారు, కొన్ని ఇళ్లలో ఐదు పొరలు కూడా ఉంటాయి. పెద్ద గింజలు అడుగున ఉంటే వాటి వేళ్లు ముందుగా మట్టిని పట్టుకుంటాయి, పైన సన్నవి వాటి మధ్యలోంచి లేస్తాయి. ఏడూ కలిపి ఒకేచోట గుప్పిస్తే మొక్కజొన్న మొలక పైకి వస్తూ గోధుమల పొరను పెళ్లలా ఎత్తేస్తుంది.

మొదటి రోజు 200 మిల్లీలీటర్ల నీళ్లు చేత్తో చిలకరించి, దేవుడి దగ్గర వెలుతురు పడని మూల పెట్టండి. ఫ్లాట్‌లో పూజ అరమర కిటికీ ఎదురుగా ఉంటే బుట్ట మీద అట్టపెట్టె బోర్లించి, కింద రెండు వేళ్ల ఎత్తు సందు ఉంచండి. గాలి ఆడాలి, వెలుతురు రాకూడదు. తలుపు బిగించిన బీరువాలో పెడితే చీకటి దొరుకుతుంది గానీ బూజు ఖాయం.

పది రోజులు

రెండో రోజు నుంచి పొద్దున పూజ అయ్యాక 30 లేదా 40 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసులో సగం నీళ్లు చిలకరిస్తే చాలు. వాన పట్టిన రోజు అందులో సగం. అంచు దగ్గర మట్టిని వేళ్లతో నలపండి. వేలికి చల్లగా తగిలి, ముద్ద కట్టకుండా రాలిపోతే తడి సరిగ్గా ఉన్నట్టు.

అల్మోరా సముద్రమట్టానికి దాదాపు 1,600 మీటర్ల ఎత్తున ఉంటుంది, హైదరాబాద్ 540 దగ్గర. మన వెచ్చదనానికి మొలక త్వరపడుతుంది. గోధుమలు రెండో రోజు రాత్రికే పగులుతాయి, నాలుగో రోజుకు తెల్లటి సూదుల్లా మట్టి పైకి వస్తాయి. ఆరో రోజుకు అంగుళాలకు అంగుళాలు లాగుతాయి. చీకట్లో ఆకుకు పచ్చ పట్టించే పదార్థం తయారవదు, అందుకే ఆ పసుపు. వెలుతురు వెతుక్కుంటూ కాడ సన్నగా, పొడుగ్గా సాగుతుంది. గోధుమ, యవలు ఆ సాగుడుకు నిలుస్తాయి. ఉలవలు, మినుములు, ఆవాలు మాత్రం దారాల్లా పొడుగెక్కి ఎనిమిదో రోజుకు వాలిపోతాయి. పైన చెప్పిన కొలతలో అవి తక్కువ ఉన్నది అందుకే.

ఐదో రోజు దాకా మొలక చుట్టూ తెల్లటి నూగు కనిపిస్తే కంగారుపడి బుట్ట పారేయకండి. అది వేరు నూగు కావచ్చు, బూజు కావచ్చు. దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. వేరు నూగు ఒక్కో వేరు చుట్టూ బ్రష్ పళ్లలా సమంగా ఉంటుంది, నీళ్లు చిలకరించగానే అణిగి కనబడకుండా పోతుంది. బూజు సాలెగూడులా గింజకూ గింజకూ మధ్య పాకుతుంది, నీళ్లు పడ్డా పోదు, ముక్కు దగ్గర పెట్టుకుంటే మగ్గిన వాసన. బూజైతే ఆ చోట చుట్టూ అంగుళం మేర చెంచాతో పెళ్లగించి తీసేయండి, ఆ గుంటలో పొడి ఇసుక పోయండి, ఒకరోజు నీళ్లు ఆపండి. చాలాసార్లు అడుగున విరిగిన గింజలే కారణం, అందుకే విత్తే ముందు చేటలో వేసి చెరగడం మేలు. చీమలు పడుతుంటే బుట్టను చిన్న పీట మీద పెట్టి, ఆ పీట కాళ్లను నీళ్లున్న గిన్నెల్లో ఉంచండి.

ఏడో రోజుకు మొలకలు పక్కకు ఒరుగుతున్నాయంటే నీళ్లు ఎక్కువయ్యాయని. ఆ రోజు నుంచి నీళ్లు సగానికి తగ్గించండి. తొమ్మిదో రోజు ఎలాగూ కట్టేది ఉంది. ఆ రోజు సన్నటి పుల్లతో మొలకల మధ్య మట్టిని అక్కడక్కడా గుల్ల చేస్తారు, దాన్ని గుడాయి అంటారు, పొలంలో కలుపు తీసినట్టు. ఆ తర్వాత మొలకలన్నిటినీ చుట్టి ఎర్రదారంతో వదులుగా కడతారు. మన పసుపుదారం వాడినా తప్పులేదు. గట్టిగా బిగిస్తే మధ్య కాడలు రాత్రికి రాత్రే నలిగి నల్లబడతాయి.

డికారేలు, పీట

సంక్రాంతికి ముందురోజు సాయంత్రం బుట్ట దగ్గర మట్టితో చేసిన శివుడు, పార్వతి, వినాయకుడి బొమ్మలకు పూజ చేస్తారు. వీటిని డికారేలు అంటారు. కొన్నవాటికన్నా ఇంట్లో చేసినవే బాగుంటాయి, వంకరగా వచ్చినా సరే. వినాయక చవితికి ముందు మట్టి బొమ్మలు చేసేవాళ్ల దగ్గర కిలో బంకమట్టి తీసుకుని, పది గ్రాముల దూదిని పోగులు పోగులుగా విడదీసి అందులో కలిపి పిసకండి. పగుళ్లు రాకుండా పట్టి ఉంచేది ఆ దూదే. తడిగుడ్డ కప్పి ఒక రాత్రి ఉంచి, జానెడు మించకుండా బొమ్మలు చేయండి, అడుగు వెడల్పుగా ఉండాలి. నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే పైపొర ముందు కుంచించుకుని మెడ దగ్గర చీలుతుంది. మన వానాకాలంలో నీడన నాలుగు రోజులు పడుతుంది కాబట్టి హరేలా ఐదో రోజుకే బొమ్మలు పూర్తి కావాలి. పూర్తిగా ఆరాక బియ్యప్పిండి తడి రెండుసార్లు పూసి, దాని మీద రంగులు వేస్తారు. లోపల తేమ ఉండగా పూస్తే పెచ్చులుగా ఊడుతుంది.

బుట్ట పెట్టే పీటకు ఐపణ్ వేయాలి. ఇది కుమావూ ఆడవాళ్ల ముగ్గు. 2021లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ముందుగా పీటకు పూసే గేరు అంటే మన జాజే. పండుగకు గడపలకు పూసే ఆ ఎర్రమట్టిని మజ్జిగంత చిక్కగా కలిపి పీటకు రెండు పూతలు వేసి, పూర్తిగా ఆరనివ్వండి. తడి మీద గీస్తే గీత పాకి గులాబీరంగుకు తిరుగుతుంది. తెల్లటిది బిస్వార్: వంద గ్రాముల బియ్యం ఐదు గంటలు నానబెట్టి, మెత్తగా రుబ్బి, గుడ్డలో వడగట్టి, మజ్జిగ కన్నా కాస్త చిక్కగా ఉంచాలి. కుంచె లేదు, వేలికొనలతోనే గీస్తారు. ఉంగరపు వేలు ముంచి నడిమధ్య చుక్కతో మొదలుపెట్టండి. గీసినప్పుడు గీత నీళ్లలా వెలవెలబోయి కనిపిస్తుంది, ఆరేకొద్దీ తెల్లబడుతుంది. ఆ సంగతి తెలియక రెండోసారి దిద్దితే మందమై, ఆరాక రాలిపోతుంది. పీట అంచుల వెంట నిలువుగా జారే ధారలు వసుధార, వాటిని బేసి లెక్కలో వేస్తారు. చివర చుక్కలు తప్పక పెట్టాలి. చుక్కలు లేని ఐపణ్ అశుభానికి గుర్తు, కాబట్టి హడావిడిలో అవి మాత్రం మరిచిపోకండి.

కోత, దీవెన

పదో రోజు పొద్దున స్నానాలయ్యాక బొట్టు పెట్టి, మట్టికి రెండు వేళ్ల పైన కత్తెరతో గానీ చిన్న కొడవలితో గానీ కోస్తారు. మొదటి పిడికెడు ఇంటి దేవుడికి. తర్వాత మనుషులకు. కొండల్లో పెట్టే బొట్టు పేరు పిఠ్యా. పసుపులో నిమ్మరసం, వెలిగారం కలిపి చేస్తారు. మన ఇళ్లలో పాతకాలం కుంకుమ చేసిన తీరే అది, కనుక ఇంటి కుంకుమ ఉంటే అదే పెట్టండి.

ఇంట్లో పెద్దావిడ చిన్నవాళ్లను కూర్చోబెట్టి, రెండు చేతుల్లో మొలకలు పట్టుకుని, ముందు పాదాలకు, తర్వాత మోకాళ్లకు, భుజాలకు తాకించి, చివరికి తల మీద ఉంచుతుంది. మనం అక్షింతలు పై నుంచి చల్లుతాం, ఇక్కడ దీవెన కింది నుంచి పైకి ఎక్కుతుంది, మొలక లేచినట్టు. మగపిల్లలు ఆ ఆకును చెవి వెనక దోపుకుంటారు, ఆడపిల్లలు జడలో.

చేతులు కదులుతుండగా నోటితో దీవెన సాగాలి. మాటలు ఊరికో రకంగా ఉంటాయి. మొదలు మాత్రం అందరిదీ దాదాపు ఒకటే: "జీ రయా, జాగి రయా, యో దిన్ యో మాస్ భేట్‌నే రయా." బతికుండు, మెలకువతో ఉండు, ఈ రోజునూ ఈ మాసాన్నీ ఏటా కలుసుకుంటూ ఉండు అని. ఆ తర్వాత ఆకాశమంత ఎత్తు, భూమంత విశాలం కావాలని, సింహం బలం, నక్క తెలివి రావాలని, గరికలా అల్లుకోవాలని, హిమాలయంలో మంచు, గంగలో నీళ్లు ఉన్నంతకాలం ఉండాలని వరసగా వస్తాయి. చివరి మాట వినండి: "సిల్ పిసి భాత్ ఖాయా, జాంఠి టేకి భైర్ జాయా." పళ్లన్నీ ఊడి, అన్నాన్ని సన్నికల్లు మీద నూరుకుని తినేంత, కర్ర ఊతంతో బయటికి నడిచేంత ముసలితనం రావాలని. నిండు నూరేళ్లు అనే మన దీవెనను కంటికి కనిపించేలా చెప్పడం ఇది. కుమావూనీ నోరు తిరగకపోతే మొదటి వాక్యం, చివరి వాక్యం నేర్చుకుని మధ్యది తెలుగులో చెప్పండి. కాగితం చూసి గబగబా చదివేకన్నా అది మేలు, చేతులు ఎక్కడ ఉన్నాయో దానికి తగ్గట్టు మాట సాగుతుంది.

ఆ రోజు వంటల్లో పూరీలు, పాయసం, మినప వడలు ఉంటాయి. గారెలు వేసే ఇంటికి దీని గురించి చెప్పేదేముంది.

దూరాన ఉన్న పిల్లలకు కవరులో హరేలా పంపడం పాత అలవాటు. కోసిన ఆకును వెంటనే ప్లాస్టిక్ కవరులో పెడితే చెమట పట్టి కుళ్లుతుంది. ఒకరోజు ఫ్యాను గాలికి ఆరనిచ్చి, పది పదిహేను ఆకులు తెల్లకాగితంలో మడిచి, చిటికెడు కుంకుమ, నాలుగు అక్షింతలు విడిగా పొట్లం కట్టి పంపండి. అందేసరికి ఎండుగడ్డిలా ఉంటుంది. పరవాలేదు, అలాగే తలకు తాకించుకుంటారు.

హరేలా నాడు కొమ్మ విరిచి గుచ్చినా వేరు పడుతుందని కుమావూలో అంటారు. హైదరాబాద్‌లోనూ అది మంచి అదనే. గాలిలో తేమ ఉంటుంది, కొమ్మ వాడకముందే వేరు తొడుగుతుంది. మందారం, నందివర్ధనం, మునగ తేలిగ్గా నాటుకుంటాయి. పూల మొక్కలకు పెన్సిలంత లావు, మునగకు మణికట్టంత లావు కొమ్మ తీసుకోండి. మందారం కొమ్మను జానెడు కోసి, ఆకులు రెండే ఉంచి, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా గుచ్చండి. కోత అయ్యాక బుట్టలో మిగిలిన వేళ్ల ముద్దను చేత్తో విడదీసి ఆ కొమ్మ మొదట్లో వేయండి. ముద్దగానే పెడితే అందులో ఉన్న గింజలు పులిసి కొత్త వేరును చెడగొడతాయి, కాబట్టి విడదీయడం మరవకండి.